సున్నం బండి కింద నిమ్మకాయ

షినాస్,
ఆగస్టు 22, 2025

వాణక్కకు,

ఉత్తరం చూసి భయపడకు. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. ఫోన్లో ఫుట్‌బాల్ మాట ఎత్తితే చాలు, "పొయ్యి మీద అన్నం మాడుతుంది" అని పెట్టేస్తావు. నీ అన్నం ఆరేండ్లుగా మాడుతూనే ఉంది. ఉత్తరమైతే కోపం వచ్చినా చివరిదాకా చదువుతావు, నీ సంగతి నాకు తెలియదా? అందుకే రాసి, లీవు మీద వస్తున్న దేవయ్య చేతికి ఇస్తున్నాను. ఖర్జూరం డబ్బా అమ్మకు, ఉత్తరం నీకు.

నేను ఈ అరబ్బు దేశంలో బిల్డింగు పని వదిలి ఈ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరి రెండేండ్లయినా అమ్మ ఇంకా అందరికీ నేను మేస్త్రినే అని చెబుతోందట. చెప్పుకోనీ. తాపీ పట్టిన చేతులతోనే ఇప్పుడు గడ్డికి నీళ్లు పెడుతున్నాను, సున్నం బండి తోసి గ్రౌండుకు గీతలు గీస్తున్నాను.

అసలు సంగతి ఇది. మా క్లబ్బుకు కొత్త కోచ్ వచ్చాడు. పేరు ఒనోఫ్రే, ఊరు బ్రెజిల్‌లో ఎక్కడో పాలలారీలు తిరిగే పల్లె. అరవైకి దగ్గర పడ్డాడు. ఒకప్పుడు ఎడమ పక్క ఆడేవాడట, పేరున్న ఆటగాడే. ఇరవై ఏడేండ్లకు కుడి మోకాలు పోయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే ఆ కాలు వంగదు, ముందుకు చాపి వచ్చేపోయేవాళ్లందరికీ అడ్డం పెడతాడు. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ, మిగిలింది చేతులతో మాట్లాడతాడు. నాకు మాత్రం మన ఖానాపూర్ యాసలోనే వినబడుతుంది, అట్లాగే రాస్తాను.

మొదటి రోజే నన్ను పిలిచి, "గింత పెద్ద గ్రౌండు వీళ్లకెందుకు? లోపల సగం గియ్యి" అన్నాడు. మా ఆటగాళ్లంటే ఎవరు? పడవల మీద వేటకు పోయేవాళ్లు, పోలీసు డ్యూటీవాళ్లు, దుకాణాల్లో కూర్చునేవాళ్లు. సగం గ్రౌండులో ఒకరినొకరు గుద్దుకుని తిట్టుకున్నారు. ఈయన నవ్వుతూ చూశాడు. "జాగ లేదనుకో, బంతిని పక్కోనికి ఇయ్యక తప్పది. ఇచ్చుడు నేర్చినంక గీత బయటికి జరుపుదాం" అన్నాడు. వారం వారం నాతో గీత కొంచెం జరిపిస్తున్నాడు.

ఒక సాయంత్రం నీ సంగతి చెప్పాను. వరంగల్ ఫుట్‌బాల్ క్యాంపులో నీ మోకాలు పోవడం, ఆ తర్వాత బంతి ముట్టుకోకపోవడం, ఇప్పుడు గురుకులంలో పీఈటీగా ఆడపిల్లలతో ఖో-ఖో మాత్రమే ఆడించడం. ఆయన తన చాపిన కాలు రుద్దుకున్నాడు. తర్వాత, "బంతి కాళ్ల దగ్గరికి దొర్లుకుంట వస్తే మీ అక్క ఏం చేస్తది? అడుగు" అన్నాడు.

అడిగాను. జవాబు రాయి. ఆయనకు ఇదే ఆఖరి క్లబ్బట. డిసెంబరు దాకానే ఒప్పందం కాగితం ఉంది. టీము బాగుపడకపోతే ఈ వయసులో ఇంకెవరూ పిలవరు, పోయి తమ్ముడి టైర్ల షాపులో కూర్చోవాలి. ఆలోపు నీ జవాబు రావాలి మరి.

నీ తమ్ముడు,
ఓంకార్


ఖానాపూర్,
సెప్టెంబరు 1

తమ్మీ,

దేవయ్య ఖర్జూరం నాకు, ఉత్తరం అమ్మకు ఇచ్చాడు. అమ్మకు కళ్లజోడు దొరక్క నన్నే చదవమంది కాబట్టి సరిపోయింది. "నీళ్లు పెడుతున్నాడట, గీతలు గీస్తున్నాడట" అని రెండు ముక్కలు చదివి మడిచి పెట్టాను. ఇకమీదట దేవయ్య వద్దు, ఎవరూ వద్దు. కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేనూ అదే చేస్తున్నాను. ఫోన్ మాత్రం చెయ్యకు.

నువ్వు అక్కడ గడ్డికి నీళ్లు పెడతావో, బ్రెజిల్ వాళ్లకు మన ఇంటి కథలు చెప్పుకుంటావో నీ ఇష్టం. కానీ నా మోకాలు నీకు కాలక్షేపం కాదు. అది పోయిన రాత్రి మంచం పక్కన కూర్చుని ఏడ్చినవాడివి నువ్వే కదా, ఇంత తేలికగా పంచిపెడతావా? మీ కోచ్ మగవాడు. కాలు పోతే కోచ్ అయ్యాడు. నా కాలు పోతే అందరూ ఏమన్నారు? "పోనీలే, పెండ్లన్నా అవుతది" అన్నారు. అది కూడా చెప్పావా ఆయనకు?

ఇక బంతి సంగతి. డిసెంబరులో నిర్మల్‌లో గురుకులాల ఆటల పోటీలున్నాయి. ఈసారి ఆడపిల్లల ఫుట్‌బాల్ కూడా పెట్టారు. మా ప్రిన్సిపల్ రెండుసార్లు అడిగింది. నా వల్ల కాదన్నాను. పిల్లలు ఊరుకుంటారా, వాళ్లంతట వాళ్లే ఒక పాత బంతి పట్టుకుని తన్నుకుంటున్నారు. మొన్న అది దొర్లుతూ నా దగ్గరికి వచ్చింది. వంగి, చేత్తో తీసి ఇచ్చాను. చేత్తో. చెప్పు మీ కోచ్‌కు.

అవునూ, లోపల సగం గ్రౌండు అన్నావు, ఎంత సగం? అడ్డం తగ్గించాలా, పొడుగా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


షినాస్,
సెప్టెంబరు 9

అక్కా,

తిట్టావు, పడ్డాను. నీ మాటలన్నీ ఆయనకు చదివి వినిపించాను, పెండ్లి మాటతో సహా. నువ్వు మళ్లీ తిడతావని తెలుసు, అయినా చదివాను.

"చేత్తో తీసిందా? అయినా తీసింది గద. నేనైతే రెండేండ్లు బంతి కనబడితే రోడ్డు దాటి అవతలికి పోయేటోణ్ని" అన్నాడు.

అప్పుడు చెప్పాడు ఆయన కథ. మోకాలు పోయాక తమ్ముడి షాపులో టైర్లకు గాలి కొట్టాడట. ఒక ఆదివారం పక్క మైదానంలో పోరగాళ్ల మ్యాచ్. విజిల్ ఊదేవాడు తాగి పడిపోతే, పోరగాళ్లొచ్చి ఈయనను లాక్కుపోయారు. "పొట్టెగాండ్లు ఒక్కడూ పక్కోనికి బంతి ఇస్తలేడు. నాకు కోపమొచ్చింది. ఆట మీద కోపమొచ్చిందంటే, ఇంక నాకు దాంతోటి తెగలేదనే గద" అన్నాడు. అట్లా మొదలైందట. తర్వాత సూడాన్, బహ్రెయిన్, ఇదే దేశంలో సలాలా. ఎక్కడా రెండేండ్లు దాటి ఉంచలేదు. "నాకు పంపించబడుడు బాగ అలవాటు. పెట్టె మంచం కింద పెట్టను, పైననే పెడతా" అని నవ్వుతాడు. నవ్వుతాడు గానీ, క్లబ్బు పెద్దలు మ్యాచ్‌కు వచ్చిన రోజు ఆయన టీ కూడా ముట్టడు. 

నీ ప్రశ్నకు జవాబు: అడ్డం తగ్గించాలి. పొడుగు కొంచెం ఉంచవచ్చు. చిన్న పిల్లలైతే మీ ఖో-ఖో కోర్టుకు రెండింతలు చాలు. పిల్లలకు ఒకటే నియమం, బంతి కాలికి తగిలాక రెండోసారి తగలకముందే పక్కవాళ్లకు ఇచ్చేయాలి. ఆయన గీసిన బొమ్మ కింద పెడుతున్నాను. గుండ్రటి మచ్చలు పిల్లలు, టీ మరక టీ మరకే.

మేం రెండు ఓడాం, ఒకటి గెలిచాం. గెలిచిన రోజు మా గోల్ కీపర్ యాసిర్ ఇంటి నుంచి పెద్ద పళ్లెంలో చేప, అన్నం వచ్చింది. కోచ్ కాలు చాపుకుని కింద కూర్చుని తిన్నాడు.

ఓంకార్


ఖానాపూర్,
సెప్టెంబరు 19

తమ్మీ,

ఇక్కడ సున్నం లేదు. బతుకమ్మ దగ్గర పడింది కదా, ముగ్గుపిండి ఉంది. పిల్లలకిచ్చి గీయించాను. ముగ్గు వేసే చేతులు తిన్నగా గీత గీయవు, ఒకతె నాలుగు మూలలా తామరపూలు వేసింది. తుడిపించలేదు.

నేను నేర్పలేదు. గీత గీయించి, ఆ ఒక్క నియమం చెప్పి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు జుట్లు పట్టుకున్నారు. నాలుగో రోజుకు బంతి ఇవ్వడం వచ్చింది. మల్లీశ్వరి అని ఏడో తరగతి పిల్ల ఉంది, కడెం వైపు నుంచి వచ్చింది. చెప్పులు లేకుండా ఆడుతుంది, ఎటు ఇవ్వబోతోందో కండ్లతో చెప్పదు. నాకు అరవాలనిపించింది. "వెనక చూడవే" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ప్రిన్సిపల్ మళ్లీ అడిగింది. మళ్లీ కాదన్నాను. గీత గీయించడం వేరు, విజిల్ పట్టుకోవడం వేరు.

మీ కోచ్ ఎట్లా ఉన్నాడు? గెలుస్తున్నారా? ఆయనను ఉంచుతారా? జవాబు తొందరగా రాయి.

అక్క


షినాస్,
అక్టోబరు 8

అక్కా,

పండగ బాగా జరిగిందనుకుంటాను. ఇక్కడ పనుల్లో పడి రాయలేదు.

మొన్నటి మ్యాచ్ నాలుగు గోల్స్‌తో ఓడాం. గోల్‌పోస్టు కింద ఏదో నిమ్మకాయ దొరికిందని గొడవైంది. ఎవరో ఏదో చేశారనుకున్నారు. కోచ్, అది తానే పెట్టానని చెప్పాడు, వాళ్ల దేశంలో అలవాటట. ఆయనను గ్రౌండుకు రావద్దన్నారు. క్లబ్బు పెద్దలు ఏదో ఒకటి తేలుస్తారు. మనం చేసేదేముంది?

ఎండ తగ్గింది. అమ్మ కాచే మోకాళ్ల నూనె దేవయ్యతో పంపించు.

ఓంకార్


ఖానాపూర్,
అక్టోబరు 9

ఓంకార్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

బ్రెజిల్‌లో నిమ్మకాయలు పెడతారో లేదో నాకు తెలియదు. మన ఇంట్లో మాత్రం ఒకడున్నాడు. పదిహేనేండ్ల వయసులో నాన్న తాపీ చేతికొచ్చినప్పటి నుంచి, దసరా నాడు దానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కోయకుండా బువ్వ ముట్టనివాడు. కాలు విరిగిన ఏడాది కూడా కుంటుకుంటూ పోయి పెట్టినవాడు. వాడు ఈ దసరాకు సున్నం బండిని ఊరికే వదిలేశాడంటే నేను నమ్మాలా?

నిమ్మకాయ నువ్వే పెట్టావు. ఆయన తన మీద వేసుకున్నాడు. నువ్వు నోరు మూసుకుని కూర్చుని, నాకు మోకాళ్ల నూనె గురించి రాస్తున్నావు.

ఇదే ఆఖరి క్లబ్బని మొదటి ఉత్తరంలో రాసింది నువ్వే కదరా. మంచి మనిషి. నా ముఖం చూడకపోయినా నా పిల్లలకు ఆట చెప్పాడు. ఆయనను టైర్ల షాపుకు పంపి నువ్వు ఆ గ్రౌండులో నడవగలవా?

నీకు భయం వేసి ఉంటుంది. నాకు తెలియదా భయమంటే? కాబట్టి నిన్ను ఊరికే పొమ్మనను, బేరం పెడుతున్నాను. నువ్వు పోయి ఆ పెద్దల ముందు నిజం చెప్పు. చెప్పానని నీ ఉత్తరం వచ్చిన రోజు నేను విజిల్ పట్టుకుంటాను. నువ్వు చెప్పకపోతే నేనూ ముట్టుకోను, ఇంక ఉత్తరాలూ వద్దు.

వాణి


షినాస్,
అక్టోబరు 18

అక్కా,

చెప్పాను. ముందు అదే రాస్తున్నాను, విజిల్ పట్టుకో.

జరిగింది ఇది. దసరా పొద్దున సున్నం బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాను. పోయినేడు కూడా చేశాను, ఎవరూ చూడలేదు. ఈసారి కోచ్ బాగుండాలని, ఆయన కాగితం పొడిగించాలని, ఇంకోటి కోసి కుంకుమ అద్ది మా గోల్‌పోస్టు మొదట్లో మట్టి కింద పెట్టాను. దిష్టి తగలకూడదని. మర్నాడే నాలుగు గోల్స్ తిన్నాం. యాసిర్ పడ్డచోట మట్టి లేచి ఎర్రటి నిమ్మచెక్క బయటపడింది. పాపం యాసిర్ ముఖం చూడాల్సింది. ఇక్కడ దాన్ని సిహర్ అంటారు, చేతబడి. తమాషా మాట కాదు. టీమును నాశనం చేయడానికి ఎవరో పెట్టారనుకున్నారు.

అందరినీ నిలబెట్టి అడిగారు. కోచ్ నా ముఖం చూసి కనిపెట్టేశాడు. నేను నోరు తెరిచేలోపు కోచ్ చెయ్యి ఎత్తాడు. కారులో నాతో ఏమన్నాడో తెలుసా? "నువ్వు ఊకో. పంపించబడుడు నాకు వచ్చిన పని, నీకు కొత్త." నేను ఊకున్నాను అక్కా. హాయిగా కూడా అనిపించింది. అదే నాకు సిగ్గు.

నీ ఉత్తరం వచ్చాక వారం తిరిగాను. చివరికి మా బస్సు డ్రైవరు ఫజల్ భాయ్‌కి చెప్పాను. ఆయనది కడప, అరబ్బీ నీళ్లలా మాట్లాడతాడు. విని, "నువ్వు చెప్పబ్బా, నేను అరబ్బీలో చెప్తా. ఒక్క మాట కలపను, ఒక్క మాట తగ్గించను" అన్నాడు.

నిన్న శుక్రవారం నమాజు తర్వాత క్లబ్బు పెద్ద అబూ సాలిం ఇంటికి పోయాం. మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గదిలో, ఆరేడుగురున్నారు, యాసిర్ కూడా. ఖావా, వాళ్ల కాఫీ, ఇచ్చారు. తాగకముందే చెప్పేశాను, తాగాక చెప్పలేనని భయం వేసి. మాకు అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికి ఒక రోజు మొక్కుతామని, అది ఎవరి చెడూ కోరడానికి కాదని, కోచ్‌కు ఏమీ తెలియదని చెప్పాను.

ఫజల్ భాయ్ మాటకు మాట అరబ్బీలో చెప్పాడు. అబూ సాలిం అన్నాడు: "మా నాయన కొత్త పడవ నీళ్లలో దించే రోజు లోపలంతా సాంబ్రాణి పొగ వేసేవాడు. అన్నం పెట్టే పడవ అని దానికి మర్యాద. నీ మర్యాద నాకు అర్థమైంది. కానీ ఓంకార్, గ్రౌండు నీదొక్కడిదేనా? ఈ యాసిర్ ఆ గోల్ దగ్గర నిలబడాలి కదా. ముందు ఒక్క మాట అడిగి ఉంటే?"

 మన దగ్గర ఎవరినీ అడగం కదక్కా, అడగాలని కూడా తోచదు. యాసిర్ లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "రెండు వారాల నుంచి నాకు నిద్ర లేదు, ఇవాళ పడుకుంటా" అన్నాడు.

నా ఉద్యోగం ఉంది. గ్రౌండులో మాత్రం అట్లాంటివి వద్దన్నారు. కానీ కోచ్ పని పోయింది. మూడు రోజుల ముందే ఇంకొకాయనకు టికెట్ పంపేశారు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేమన్నారు. నేను వారం ముందు పోయి ఉంటే ఆయన ఇక్కడే ఉండేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. అబూ సాలిం తన సంతకంతో ఆయన తప్పేమీ లేదని రాసిచ్చాడు. అది తీసుకుని పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. నా తల మీద ఒక్కటి పీకి, "ఎవడు చెప్పమన్నడు నీకు? పెట్టె సర్దుకున్న" అన్నాడు. తర్వాత, "మీ అక్కనా?" అన్నాడు. అవునన్నాను. ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాడు.

ఓంకార్


ఖానాపూర్,
డిసెంబరు 14

తమ్మీ,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే ప్రిన్సిపల్ గదికి పోయి, "విజిల్ ఎక్కడుంది మేడం" అన్నాను. ఆమె ఏమీ అడగలేదు, సొరుగు తీసి ఇచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున ముగ్గు, సాయంత్రం ఆట. నీకు రాయలేదంటే కోపం కాదు, తీరిక లేదు. నువ్వు ఆలస్యం చేసింది నిజమే. కానీ చెప్పావు. ఇంక దాని గురించి రాయకు.

నిన్న నిర్మల్‌లో ఆడాం. ఐదు-ఒకటి. ఐదు వాళ్లవి. అక్కడి గ్రౌండు మా ముగ్గుకు నాలుగింతలుంది. మా పిల్లలు ఆ జాగా చూసి బిత్తరపోయారు. మొదటి సగంలోనే నాలుగు తిన్నాం. నేను మధ్యలో వాళ్లను కూర్చోబెట్టి, "ముగ్గు ఉందనుకోండి. తామరపూలు కనబడుతున్నాయా? దాంట్లోనే ఆడండి" అన్నాను. అంతే, వాళ్లు ఒకరికొకరు దగ్గరగా జరిగారు. బంతి ఏడుగురి కాళ్ల మీదుగా పోయి మల్లీశ్వరి దగ్గర ఆగింది. ఎటు కొడుతుందో కండ్లతో చెప్పలేదు. గోల్. నేను అరిచిన అరుపుకు పక్క గ్రౌండులో కబడ్డీ ఆగిపోయిందట.

ఇంకొక సంగతి, ఇది మీ కోచ్‌కు తప్పకుండా చెప్పాలి. ఆట ఆఖర్లో బంతి గీత దాటి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. చేత్తో తియ్యలేదు. ఎడమ కాలితో ఆపి, ఇచ్చాను. కుడి మోకాలు ఇవాళ పొద్దున్నుంచి సలుపుతోంది. సలపనీ.

ఆయన ఎక్కడున్నాడు? టైర్ల షాపుకు పోయాడా? అదే నా భయం.

అక్క


రుస్తాఖ్,
డిసెంబరు 20

అక్కా,

పైన ఊరి పేరు చూశావా? నిన్న శుక్రవారం ఫజల్ భాయ్ బండిలో ఇక్కడికి వచ్చాను. ఇక్కడ కొండల కింద ఒక చిన్న క్లబ్బుంది. పదేండ్ల పిల్లల టీము. అబూ సాలిం కాగితం చూసి కోచ్‌ను తీసుకున్నారు. పెద్ద ఉద్యోగం కాదు, స్టేడియం లేదు, గులకరాళ్ల నేల. పక్కన నిమ్మతోట. టైర్ల షాపు కాదు, అది చాలు.

నీ ఉత్తరం చదివాను. ఐదు-ఒకటి అనగానే, "ఆ ఒకటి చదువు" అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. తామరపూల దగ్గర ఆపి, అవి ఏం పూలని అడిగాడు. నేల మీద వేలుతో గీసి చూపించాను. ఎడమ కాలి సంగతి చదివేసరికి లేచి నిలబడ్డాడు, తన ఎడమ కాలితో గాలిలోనే బంతి ఆపినట్టు ఆపి చూసుకున్నాడు. "ఎడమదే. నేను కూడా ఎడమదే వాడిన" అన్నాడు. కండ్లు తుడుచుకున్నాడు, దుమ్మనుకోమన్నాడు.

ఈ పొద్దున గ్రౌండు గీయమన్నాడు. చిన్నదే, సగం. ఇక్కడివాళ్లు ఒక పాత సున్నం బండి సంపాదించారు. పిల్లలు, వాళ్ల తండ్రులు, తోటవాళ్లు అందరూ చూడడానికి నిలబడ్డారు. నేను తాడు కట్టి, సున్నం పోసి, బండి తోయబోయాను.

"ఆగు" అన్నాడు.

కుంటుకుంటూ వచ్చాడు. వంగని కాలు పక్కకు చాపి, కష్టపడి కిందికి వంగాడు. జేబులోంచి రుస్తాఖ్ నిమ్మకాయ తీసి, తన చేత్తో చక్రం కింద పెట్టాడు.

నేను బండి పిడి వదిలేశాను. చుట్టూ చూశాను. తోట పెద్దాయన నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఆ నిమ్మకాయ ఆయన చెట్టుదేనట.

"భయపడకు" అన్నాడు కోచ్. "ఈసారి అందర్ని ముందే అడిగిన. తోయి."

తోశాను అక్కా.

ఓంకార్